ఘాట్ ఎక్కాలంటే పాత ఓమ్నీకి ఏం చేయించాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది 2012 మారుతి ఓమ్నీ వ్యాను. మైదానంలో ఎంత దూరం తోలినా ఇబ్బంది లేదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మాత్రం టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా వెళ్తోంది. థర్మోస్టాట్ తీసేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు. తీయించమంటారా?
– విజయనగరం పాఠకుడు

జవాబు: వద్దండీ. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వు. బండి ఎప్పుడు వేడెక్కుతోందో చూస్తే జబ్బు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే మీద చల్లబడితే ఫ్యానో దాని స్విచ్చో పనిచేయడం లేదని అనుమానించాలి. స్టార్ట్ చేసిన కాసేపటికే ఎక్కడైనా వేడెక్కితే థర్మోస్టాట్, వాటర్ పంపు, ఫ్యాను బెల్టు చూడాలి. మీ బండిలా ఎత్తు ఎక్కేటప్పుడే వేడెక్కితే మొదటి అనుమానం రేడియేటర్ మీదే. గొట్టాలు సగం పూడుకుపోయినా మైదానంలో ఎలాగో నెట్టుకొస్తుంది. ఘాట్‌లో ఇంజన్ పూర్తి బలంతో లాగేటప్పుడు ఆ వేడిని వదిలించలేదు.

బండి బాగా వేడెక్కాక ఇంజన్ ఆపి, ఫ్యాను కూడా ఆగిందని చూసుకుని, రేడియేటర్ రెక్కలకు దగ్గరగా అరచెయ్యి పెట్టి నెమ్మదిగా జరపండి. మధ్యలో చల్లగా తగిలే మచ్చలుంటే అక్కడ నీరు పారడం లేదన్నమాట. ఏళ్ల తరబడి బోరునీళ్లు పోసిన బండ్లలో పేరుకునే తెల్లటి ఉప్పే దీనికి కారణం. రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే రేడియేటర్ షాపులో ట్యాంకు విప్పి, గొట్టాల్లో సన్నటి చువ్వలు దింపి శుభ్రం చేస్తారు. ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రకమైతే మార్చేయడమే మేలు. తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించండి. రేడియేటర్ మూత రబ్బరు ఎండిపోయి ఉంటే కొత్త మూత వేయించండి. మూత ఒత్తిడి నిలపకపోతే నీళ్లు తొందరగా మరుగుతాయి.

థర్మోస్టాట్ తీసేస్తే ఇంజన్ మైదానంలో చల్లగానే నడుస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ తొందరగా పాడవుతుంది. ఘాట్‌లో మీ ఇబ్బంది మాత్రం తీరదు. అది బాగుందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. దారం కట్టి గిన్నెలో నీళ్ల మధ్య వేలాడదీసి వేడిచేయండి. చల్లటి నీళ్లలో మూసుకుని ఉండాలి, నీళ్లు మరిగేలోపు తెరుచుకోవాలి. ఈ రెండింట్లో ఏది జరగకపోయినా మార్చండి.

దారిలో ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, గేరు తగ్గించండి. టాప్ గేరులో ఇంజన్ మూలుగుతూ లాగడమే ఎక్కువ చేటు. అయినా తగ్గకపోతే పక్కకు ఆపి, కనీసం అరగంట మూత జోలికి పోవద్దు. లోపల ఒత్తిడితో ఉన్న నీరు మూత తీయగానే ఆవిరై ముఖం మీదికి తన్నుతుంది. వేడి ఇంజన్ మీద చన్నీళ్లు అసలు పోయకూడదు, ఇంజన్ పైభాగమైన హెడ్ వంగిపోవచ్చు. ఆయిల్ మూత లోపల పాలకాఫీ రంగు నురగ కనిపించినా, లీకు లేకుండా కూలెంట్ తగ్గుతున్నా హెడ్ కింద సీలులా ఉండే హెడ్ గాస్కెట్‌ను పరీక్ష చేయించాకే మళ్లీ ప్రయాణం పెట్టుకోండి.

ప్రశ్న: శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగుతుంటే బ్రేక్ పెడల్ మెత్తబడి లోపలికి పోయింది. కాసేపు ఆపితే మళ్లీ గట్టిపడింది. ప్రమాదమా?
– ఒంగోలు పాఠకురాలు

జవాబు: చాలా ప్రమాదం. బ్రేక్ ఆయిల్ మార్పించేవరకు ఘాట్ ఎక్కకండి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీల దగ్గరే మరగొచ్చు. అప్పుడు పైపుల్లో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ తొక్కితే అవే నలుగుతాయి గానీ బ్రేక్ పట్టదు. చల్లారాక బుడగలు పోతాయి కాబట్టి బాగైనట్టు కనిపిస్తుంది, కానీ బాగవదు.

రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చాలి. సీలు తీయని కొత్త డబ్బా వాడి, మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టే భాగానికి) దూరంగా ఉన్న వెనుక చక్రంతో మొదలుపెట్టి, ఒక్కో చక్రం దగ్గర బుడగలు ఆగి తేటగా వచ్చేవరకు వదలమనండి. వెనుక టైర్ల లోపలి వైపు తడి చారలుంటే, ఆ చక్రం దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ కారుతున్నట్టే. బండి చల్లగా ఉన్నప్పుడు పెడల్ నిమిషం పాటు గట్టిగా తొక్కి పట్టండి. ఎక్కడా లీకు లేకపోయినా మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ పోయినట్టు. దిగేటప్పుడు, ఎక్కిన గేరులోనే దిగండి.

ప్రశ్న: సీటు కింద నుంచి పెట్రోలు వాసన వస్తోంది. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వల్లేనా?
– హనుమకొండ పాఠకుడు

జవాబు: పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు ఇథనాల్‌కు తొందరగా దెబ్బతింటాయి, కాబట్టి అదీ ఒక కారణం కావచ్చు. కారణం ఏదైనా ఆలస్యం చేయొద్దు. ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, వాసన వస్తే ఆవిరి మీ పక్కకే చేరినట్టు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సీటెత్తి ప్రతి పెట్రోలు పైపునూ వంచి చూడండి. పగుళ్లున్నా, జిగటగా ఉబ్బినా క్లిప్పులతో సహా మార్పించండి. ఎంపీఎఫ్ఐ బండి (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందేది) అయితే హై ప్రెషర్ ఇంజెక్షన్ పైపే వేయించాలి, కార్బురేటర్ పైపు ఆ ఒత్తిడికి ఆగదు. ప్రయాణాల్లో వ్యానులోనే వండుకునేవాళ్లయితే, ఇది తేలేవరకు అందులో స్టవ్ వెలిగించకండి.

ప్రశ్న: టైర్లకు గాట్లు నిండుగా ఉన్నాయి. ఇంకా వాడొచ్చా?
– కాకినాడ పాఠకుడు

జవాబు: గాట్లతో పాటు టైరు వయసు కూడా చూడాలి. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2316 అంటే 2016లో 23వ వారం తయారైందని. ఆరేళ్లు దాటితే ఏటా పగుళ్లు చూపించండి, పదేళ్లు నిండితే స్టెప్నీతో సహా మార్చేయండి.