సమాధానం: అమ్మగారి కేస్ షీట్‌పై ‘పెన్సిలిన్ పడదు’ అన్న మాట గురించి

నల్లగొండలో మోకాలి ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న మీ అమ్మగారి కేస్ షీట్‌పై ఎర్ర సిరాతో ‘పెన్సిలిన్ పడదు’ అని రాసి ఉందని, దాన్ని కొట్టివేయించవచ్చా అని అడిగారు. వీలుంటుంది, కానీ ముందు అసలేం జరిగిందో తెలియాలి. ముప్పై ఏళ్ల కిందట సూది వేయగానే కళ్లు తిరిగాయని మాత్రమే మీరు రాశారు. దద్దుర్లు లేచాయా, పెదవులు వాచాయా, ఆయాసం వచ్చిందా అన్నది ఆమెనే నిదానంగా అడగండి. సూది భయంతో కళ్లు తిరగడం అలర్జీ కాదు. పెన్సిలిన్ పడదని చెప్పేవారిలో 90 శాతానికి పైగా, పరీక్షించి చూస్తే, ఆ మందును తట్టుకుంటారు. నిజంగా అలర్జీ ఉన్నవారిలోనూ సుమారు 80 శాతం మందికి అది పదేళ్లలో పోతుంది.

అలర్జీ ముప్పు ఎంతో తేల్చడానికి వైద్యులు ‘పెన్-ఫాస్ట్’ అనే పాయింట్ల లెక్క వేస్తారు: ఐదేళ్లలోపు జరిగి ఉంటే 2 పాయింట్లు, తీవ్రమైన వాపో అనాఫిలాక్సిసో (ప్రాణాపాయం తెచ్చే అలర్జీ) చర్మం ఊడటమో ఉంటే 2, చికిత్స అవసరమై ఉంటే 1. మొత్తం 3 కన్నా తక్కువ ఉంటే ముప్పు తక్కువ కనుక, తీవ్ర అలర్జీకి విరుగుడైన అడ్రినలిన్ చేతికందేలా పెట్టుకొని, పెన్సిలిన్ జాతి మందైన అమాక్సిసిలిన్ నోటి ద్వారా ఇచ్చి గంటకు పైగా కనిపెట్టి చూస్తారు. దయచేసి ఇంట్లో ప్రయత్నించకండి. అప్పట్లో ఒళ్లంతా బొబ్బలెక్కి చర్మం ఊడి ఉంటే మాత్రం ఈ పరీక్ష ఎన్నటికీ వద్దు.

ఆపరేషన్‌కు ముందు సాధారణంగా ఇచ్చే సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ నిర్మాణం పెన్సిలిన్‌కు వేరు కాబట్టి, అలాంటి తీవ్ర చరిత్ర లేకపోతే అది ఇవ్వవచ్చేమో మత్తు డాక్టరుగారిని ఇప్పుడే అడగండి. పరీక్షలో ఏమీ కాకపోతే ఆ ఫలితాన్ని డిశ్చార్జి కాగితంలో తేదీతో రాయించుకోండి.