బీటెక్ వదలాలా, నవల వదలాలా? కాజీపేట నుంచి ఒక తండ్రి ప్రశ్న

కాజీపేట లోకో షెడ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్న ఒక అన్న రాశారు. వాళ్ల బిడ్డ హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ రెండో సంవత్సరం. ఇంటర్ నుంచీ కథలు రాస్తోంది, అవీ సైన్స్ ఫిక్షన్. ఇప్పుడు బీటెక్ ఆపేసి ఏడాది పాటు ఇంట్లో కూర్చుని నవల పూర్తి చేస్తానంటోంది. ఇప్పటికే రెండు సబ్జెక్టులు పోయాయి, అటెండెన్స్ కూడా అంతంతమాత్రం. "సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ నవలలు రాసేవాళ్లు నిజంగా ఉంటారా సార్, లేక రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టేనా? నోట్‌బుక్ లాగేసుకుందాం అంటోంది వాళ్లమ్మ" అని అడిగారు. ఆ నోట్‌బుక్‌లోంచి నాలుగు పేజీలు ఫోటో తీసి పంపారు కూడా. (బిడ్డకు చెప్పే పంపారనుకుంటాను. చెప్పకపోతే ముందు ఆ పని చేయండి.)

అన్నా, నోట్‌బుక్ జోలికి పోకండి, కాలేజీ మాన్పించకండి. జవాబు ఇంతే. ఎందుకో చెప్తాను.

అలాంటివాళ్లు ఉంటారా అంటే, మస్తు మంది ఉన్నారు. చైనాలో లియు సిషిన్ అని ఒకాయన, బొగ్గుతో నడిచే ఒక పవర్ ప్లాంట్‌లో కంప్యూటర్ ఇంజినీరుగా ఏళ్ల తరబడి పనిచేశాడు. మన రామగుండం లాంటి చోటు అనుకోండి. ఆ ఉద్యోగంలో ఉంటూనే రాసిన నవలకు 2015లో హ్యూగో అవార్డు వచ్చింది, సైన్స్ ఫిక్షన్‌లో అంతకు మించిన పేరున్న బహుమతి లేదు. అంత దూరం ఎందుకు, తమిళంలో సుజాత ఉన్నారు. అసలు పేరు రంగరాజన్, భార్య పేరు పెట్టుకుని రాసేవారు. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరు, మనం నొక్కి ఓటేసే ఈవీఎం తయారీ వెనక ఉన్నవాళ్లలో ఒకరు. ఆ పని చేస్తూనే డిటెక్టివ్ నవలలు, సైన్స్ ఫిక్షన్, సినిమా మాటలు అన్నీ రాశారు. ఇక మన వంగర పీవీ అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు, నవల కూడా రాశారు. అది రాజకీయాల నవల అనుకోండి, ఆయనకు ఊహించుకోవాల్సిన పని పెద్దగా పడి ఉండదు.

అయితే మీ బిడ్డ తెలుసుకోవాల్సింది వీళ్లందరికన్నా ఆండీ వియర్ సంగతి. అమెరికాలో ప్రోగ్రామర్. ఒక కంపెనీ ఉద్యోగం పోయినప్పుడు చేతికొచ్చిన షేర్ల డబ్బుతో మూడేళ్లు ఇంట్లోనే కూర్చుని నవల రాశాడు, అంటే మీ అమ్మాయి ఇప్పుడు చేస్తానంటున్నదే. ఎవరూ అచ్చువేయలేదు. మళ్లీ వెళ్లి కోడ్ రాసే ఉద్యోగంలో చేరాడు. చేరాక, అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకుపోయిన మనిషి కథను తన సొంత వెబ్‌సైట్‌లో ఒక్కో అధ్యాయం పెడుతూ వచ్చాడు, లెక్కలు తప్పిన చోట చదివేవాళ్లే పట్టుకుని చెప్పేవారు, వాళ్లలో సైన్స్ చదువుకున్నవాళ్లు చాలామంది. 2011లో అదే కథ అమెజాన్ ఈ-పుస్తకాల కిండిల్‌లో 99 సెంట్లకు పెట్టాడు, 2014లో పెద్ద ప్రచురణ సంస్థ వేసింది, 2015లో సినిమా అయ్యింది. ఉద్యోగం మానేసింది ఆ పుస్తకానికి డబ్బు ఖాయమయ్యాకే. అందరికీ ఇలాగే జరుగుతుందని అనట్లేదు. పూర్తి ఖాళీగా ఉన్న మూడేళ్లలో రానిది ఆఫీసు చూసుకుంటూ రాసినప్పుడు వచ్చిందన్న సంగతి మాత్రం ఆమె ఒకసారి ఆలోచించుకోవాలి.

డబ్బు లెక్క కూడా చూద్దాం, ఇది ఎవరూ విప్పి చెప్పరు. తెలుగు నవల వెల 200 రూపాయలు, రాయల్టీ పది శాతం అనుకుందాం. వెయ్యి కాపీలు అమ్ముడైతే రచయితకు వచ్చేది 20 వేలు. వెయ్యి కాపీలు అమ్మడానికి ఎన్నేళ్లు పడుతుందో ఏ పుస్తకాల షాపతన్ని అడిగినా చెప్తాడు. చాలామంది మొదటి పుస్తకాన్ని సొంత ఖర్చుతోనే అచ్చు వేయించుకుంటున్నారు. అంటే ఈ పనికి జీతం వేరే చోటు నుంచి రావాల్సిందే, కనీసం మొదటి పదేళ్లు.

అందుకని ఉద్యోగం ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సినవి వేరే ఉంటాయి. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో అందరూ ప్యాకేజీ ఎంత అని అడుగుతారు. మీ బిడ్డ పని గంటలేంటి, నైట్ షిఫ్ట్ ఉందా, శని ఆదివారాలు ఫోన్ వస్తుందా అని అడగాలి. అమెరికా టైంకి నడిచే సపోర్ట్ ప్రాజెక్టులో పడితే నవల సంగతి దేవుడెరుగు, నిద్రే సరిగ్గా ఉండదు. టెక్నికల్ రైటింగ్ అని ఒక పని ఉంది, సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో జనానికి అర్థమయ్యేలా రాసిపెట్టడం. టెడ్ చియాంగ్ అనే అమెరికన్ రచయిత కంప్యూటర్ సైన్స్ చదివి చాలాకాలం అదే పని చేశాడు. నవల ఒక్కటీ రాయలేదు, రాసినవన్నీ కథలే, అవీ ఏళ్లకొకటి, అయినా ఆ రంగంలో ఆయన పేరు తెలియనివాళ్లుండరు. ఇంగ్లీషు బాగా రాసే సీఎస్‌ఈ పిల్లలకు ఈ ఉద్యోగం బాగా సరిపోతుంది, మన కాలేజీల్లో మాత్రం దీని పేరే ఎత్తరు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కూడా పనికొస్తుంది, ఏది ఎక్కడ ఎలా చెడిపోతుందో చూడటమే కదా అక్కడ పని, సైన్స్ ఫిక్షన్‌లో సగం కథలు పుట్టేదీ అక్కడే. మీ కాజీపేట పక్కనే మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ 2020లో ఆఫీసులు తెరిచాయి. హైదరాబాద్‌తో పోలిస్తే అవకాశాలు చాలా తక్కువే, కానీ దొరికితే హాస్టల్ ఖర్చూ ట్రాఫిక్‌లో పోయే గంటలూ మిగులుతాయి.

ఇంకో జాగ్రత్త. ఆఫర్ లెటర్‌తో పాటు ఇచ్చే కాగితాలు మొత్తం చదవాలి. కొన్ని కంపెనీలు ఉద్యోగి ఏం సృష్టించినా తమదేనని రాయించుకుంటాయి, కొన్ని రెండో ఆదాయం ఉండకూడదంటాయి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన రచన, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే అవుతుంది. ఇంట్లో సొంతంగా రాసుకున్న నవలకు అది వర్తించదు, అయినా ఆఫీసు లాప్‌టాప్‌లో రాయొద్దు, ఆఫీసు మెయిల్‌లో పంపొద్దు, చేరేటప్పుడే హెచ్‌ఆర్‌కు "నేను కథలు రాస్తాను" అని మెయిల్ పెట్టి జవాబు దాచుకోవాలి. సర్కారు నౌకరీ వస్తే ఇంకా సులువు. మీకు రైల్వేలో కండక్ట్ రూల్స్ ఉన్నట్టే కేంద్ర ఉద్యోగులకు 1964 నాటి రూల్స్ ఉన్నాయి, డ్యూటీ దెబ్బతినకుండా అప్పుడప్పుడు చేసే సాహిత్య రచనకు వాటి ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేదు.

ఇప్పుడు ఆ నాలుగు పేజీలు. నిజం చెప్తాను, మొదటి మూడు నాకు నచ్చలేదు. అంగారకుడి మీద గాజు నగరం, జాన్ అనే కెప్టెన్, ఎర్రటి ఆకాశం, ఎక్కడో చూసిన సినిమాల్లోవే. నాలుగో పేజీలో మాత్రం డ్రైవర్ లేని ఇంజన్ ఒకటి షెడ్‌కు వస్తుంది. సెన్సర్లన్నీ సాండ్ బాక్సు (చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసుక వదిలే పెట్టె) బాగానే ఉందని చూపిస్తుంటే, ముసలి ఫిట్టర్ ఒకాయన చెయ్యి పెట్టి ఇసుకను వేళ్ల మధ్య నలిపి "తడి ఉంది, పైపులో గడ్డకడుతుంది, పట్టాల మీద పడదు, ఎత్తు ఎక్కేటప్పుడు చక్రం జారుతుంది" అంటాడు. మిషన్ ఆయన మాట వినదు. అక్కడ నేను లేచి కూర్చున్నాను. ఈ సంగతి ఆమెకు ఏ యూట్యూబ్ వీడియోలోనూ దొరికి ఉండదు, అది మీ చెయ్యి అన్నా. కథ ఆ పేజీ నుంచి మొదలుపెట్టమనండి, జాన్‌ను తీసేయమనండి. వీలైతే పాలంపేట రామప్ప గుడికి కూడా తీసుకెళ్లండి. నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం, ఇసుక నింపిన పునాది మీద గుడి, 1213 నాటి ఇంజినీరింగ్. ఇసుక మీద ఇంత ఆసక్తి ఉన్న పిల్ల రామప్ప చూడకపోతే ఎట్లా?

టైం విషయంలో ఆమెతో గట్టిగా ఒక ఒప్పందం చేసుకోండి. పొద్దున గంటసేపు ఆమె రాసుకుంటుంది, ఆ గంటలో ఇంట్లో ఎవరూ పిలవరు, పాల ప్యాకెట్ తెమ్మని కూడా. బదులుగా కాలేజీ ఎగ్గొట్టదు, అటెండెన్స్ 75 శాతం దిగితే కండొనేషన్ (తగ్గిన హాజరును మన్నించే) ఫీజులూ మెడికల్ సర్టిఫికెట్లూ అని తిరగాల్సి వస్తుంది, అది మీకూ టెన్షనే. వాళ్లమ్మను కూడా ఆ నాలుగో పేజీ చదవమనండి. పోయిన రెండు సబ్జెక్టులకు సప్లిమెంటరీ నోటిఫికేషన్ వచ్చిందేమో రేపే కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్‌లో కనుక్కోండి. గడువు దాటాక కట్టే లేట్ ఫీజుతో రెండు మంచి పుస్తకాలు వస్తాయి.