తెరచాప కుట్టిన తాత గురించి రాయి, బాబూ

బాబూ,

నువ్వు రాసి పంపిన ‘గోస్తనీ ఒడ్డు సాయంత్రం’ నిన్న రాత్రి చదివాను, పొద్దున్న లేచి మళ్ళీ చదివాను, రెండోసారికి కోపం ఎక్కువైంది. భీమిలి కుర్రాడివి, సూర్యుడు సముద్రంలో మునిగిపోయాడని ఎలా రాశావు? మనకి సముద్రం తూర్పున కదా, పొద్దు పొడిచేది సముద్రంలో, గుంకేది పావురాలకొండ వెనక. ఏదో సినిమాలో చూసిన సాయంత్రాన్ని తెచ్చి మన మొగ మీద, ఏరు సముద్రంలో కలిసే చోట, పరిచేశావు. ఆ టైమ్‌కి నిజంగా అక్కడ నిలబడితే తెలిసేది, ముందు సముద్రమే చల్లబడి బూడిద రంగుకి వచ్చేస్తుంది, వెనక కొండ మీద ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంటుంది, ఏటి నీళ్ళలో సగం ఆ రంగు సగం ఈ రంగు.

గోస్తనీ ‘ఎక్కడి నుంచో వచ్చే నది’ అట. ఎక్కడి నుంచో ఏంటి? అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర పారి, తాటిపూడి రిజర్వాయరు దాటుకుని మీ ఊరికి వస్తోంది.

‘పేరు తెలియని పక్షులు ఏవో’ అన్నావు చూడు, అక్కడ మరీ మండింది. తెలియకపోతే ఎవరినైనా అడుగు, అడగలేకపోతే అది ఏం చేస్తోందో అయినా చూడు. చిన్న తెల్లకొంగ ఉంటుంది, కాళ్ళు నల్లగా, పాదాలు మాత్రం పసుపు రాసుకున్నట్టు. లోతు లేని నీళ్ళలో ఒక కాలు ముందుకి చాపి వణికిస్తుంది, బురద కదిలి దాక్కున్న చేపపిల్ల బయటికొస్తుంది, టక్కున ముక్కుతో అందుకుంటుంది. ఆటుకి తేలిన బురద మీద చిన్న పీతలు, మగదానికి ఒక డెక్క మాత్రం ఇంత పెద్దది, దాన్ని ఊపుతూ ఉంటుంది, నీ నీడ పడిందంటే అన్నీ ఒక్కసారే బొరియల్లోకి. కదలకుండా కూర్చుంటే ఒక్కొక్కటీ మళ్ళీ పైకొస్తాయి. నువ్వు కూర్చోలేదు, నడుచుకుంటూ పోయావు, చదువుతుంటేనే తెలిసిపోతోంది.

ఒకప్పుడు ఒక వారపత్రికకి ‘ఉల్లంకి’ అని రాసి పంపితే ఎడిటర్ గారు కొట్టేసి ‘పక్షి’ అని వేసుకున్నారు, పాఠకులకి అర్థం కాదట. ఇంకొకాయన ‘గెడ్డ’ అన్న చోటల్లా ‘వాగు’ చేశారు, అదేంటండీ అంటే అందరికీ తెలిసిన తెలుగు రాయమ్మా, అయినా ఆడవాళ్ళు కుటుంబ కథలు పంపితే తొందరగా పడతాయి అన్నారు. ముప్పై ఏళ్ళు దాటింది, ఆ మాట ఇంకా మర్చిపోలేదు. విశాఖపట్నంలో ఎవరైనా మేఘాద్రి గెడ్డని మేఘాద్రి వాగు అంటారా? అప్పుడు కంచరపాలెంలో ఒక గది అద్దె, పిల్లల్ని పడుకోబెట్టి వంటగట్టు మీద కాగితాలు పెట్టుకుని రాసేదాన్ని, తిరుగు టపా స్టాంపులకి బస్సు డబ్బుల్లోంచే తీసేదాన్ని, అయినా ఆ కథ వెనక్కి పంపించెయ్యమన్నాను. ఇప్పుడింకో ఫ్యాషన్ వచ్చింది, ప్రతి పేరా చివర స్టేటస్‌లో పెట్టుకునే లాంటి వాక్యం. నీ దాంట్లో ఏడున్నాయి. ఏడూ తీసెయ్.

పేర్ల గురించి ఎందుకింత పట్టు అంటే, మా తాత విశాఖ హార్బరు తవ్వేటప్పుడు మట్టి మోశాడు. 1933లో ఓడలు రావడం మొదలయ్యే ముందు అక్కడంతా ఉప్పునీటి చిత్తడి, పోటుకి మునిగి ఆటుకి తేలేదట. ఆ బురదకీ, అందులో మొలిచే గడ్డికీ, వాలే పిట్టలకీ ఆయన దగ్గర పేర్లుండేవి. చిన్నప్పుడు విన్నాను, ఒక్కటీ రాసుకోలేదు. ఆయన పోయాక ఎంతమందిని అడిగానో, ఎవరూ చెప్పలేకపోయారు.

అందుకే నీ నాలుగో పేజీలో ఆగిపోయాను. ‘మా తాత తెరచాపలు కుట్టేవాడు’ అని ఒక్క వాక్యం రాసి మళ్ళీ సూర్యుడి దగ్గరికి పరిగెత్తావు. ఇంజన్లు రాకముందు ఆ మొగలోంచి తెరచాప ఎత్తుకుని వెళ్ళి తెరచాపతోనే తిరిగొచ్చిన వాళ్ళ మనవడివి నువ్వు! గుడ్డ ఎక్కడ కొనేవారు, సూది ఎంత పొడుగు, దారానికి ఏం రాసేవారు, నడిసముద్రంలో చిరిగితే ఏం చేసేవారు, తెల్లారగట్ల పడవని బయటికి తోసే గాలిని ఏమంటారు, మధ్యాహ్నం ఒడ్డుకి తెచ్చే గాలిని ఏమంటారు? మీ తాతకి చూపు తగ్గింది అన్నావు, తగ్గనీ, ఒక గుడ్డముక్కా సూదీ చేతికివ్వు, కుట్టి చూపిస్తాడు.

లంగరేసిన పడవలు ‘ఒక్కసారి మొహం తిప్పుకున్నాయి’ అన్నది బావుంది, అది కళ్ళతో చూసి రాసిందే. పోటు ఎక్కేటప్పుడు ముక్కు సముద్రం వైపు, ఆటు మొదలైతే ఏటి ఎగువకి, అది కూడా చెప్పు.

ఏ పత్రికకి పంపాలి, పుస్తకం వేస్తే ఎంతవుతుంది అని అడిగావు, అవన్నీ తర్వాత.

ఈ ఆదివారం నాలుగింటికి తాతని మొగ దగ్గరికి తీసుకెళ్ళు. ఫోన్‌లో రికార్డు చెయ్యి, మధ్యలో నువ్వు మాట్లాడకు. నేనూ 900కె బస్సు ఎక్కి వచ్చేసేదాన్ని గానీ మోకాళ్ళు రానివ్వట్లేదు. ఆ సాయంత్రం వీచే గాలికి ఆయన ఏం పేరు చెప్పాడో అదొక్కటీ ఆ రాత్రికే నాకు మెసేజ్ పెట్టు.