మెడ మీది పులిపిర్లకు సున్నం, సోడా పెట్టొచ్చా?

మెడ చుట్టూ మెత్తగా వేలాడే పులిపిర్లు లేచాయి, సున్నంలో సోడా కలిపి పెడితే రాలిపోతాయంటున్నారు, నిజమేనా అని అడిగారు కదండీ. రాలిపోయే మాట నిజమే. అయినా దయచేసి పెట్టకండి.

తాంబూలం సున్నంలో బట్టల సోడా కలిపితే కాస్టిక్ సోడా పుడుతుంది. సబ్బుల తయారీలో వాడేది అదే. అంటే పులిపిరి కాలి ఊడుతుందన్నమాట. పుల్ల మొనతో ఎంత జాగ్రత్తగా అద్దినా చుట్టూ ఉన్న చర్మాన్ని కూడా తినేస్తుంది. మా తోడికోడలు చెంప మీద పెట్టుకుంది. మిరియపు గింజంత పులిపిరి పోయి, చింతగింజంత నల్ల మచ్చ మిగిలింది. ఇప్పటికీ పౌడర్ వేసి దాచుకుంటుంది, చూస్తే బాధేస్తుంది. మన చామనఛాయ ఒంటికి కాలిన చోట నల్లబడే గుణం ఎక్కువ. కొందరికి ఆ పుండు మానాక గట్టిగా ఉబ్బిపోతుంది కూడా. నల్లజీడి రసం ఇంకా ప్రమాదం, బొబ్బలెక్కిపోతుంది. దాని జోలికి అసలు పోవద్దు.

నాకు రెండో కాన్పు తర్వాత సరిగ్గా నల్లపూసలు ఒరుసుకునే చోట లేచాయి. వెనకటివాళ్లు గుర్రపు వెంట్రుక కట్టేవాళ్లని చెప్పి, మా అమ్మ పట్టు దారం పోగుతో కట్టింది. సన్నటి కాడతో వేలాడుతున్నదానికి మాత్రం బాగా పనిచేసింది. స్నానం చేసి, తుడిచి, మొదట్లో బిగించి ముడేస్తే మర్నాటికి నల్లబడింది. రక్తం అందక ఎండిపోయి, కొన్నాళ్లకు తలదువ్వుకుంటుంటే రాలిపడింది. మచ్చ లేదు. మొదలు వెడల్పుగా ఉన్నవాటికి ముడి నిలవదు, బలవంతాన బిగిస్తే వాచి సలుపుతుంది. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు దారం కూడా కట్టకూడదు.

ఆపిల్ సైడర్ వెనిగర్ కొన్నాళ్లు దూదితో అద్దాను. మంట తప్ప ఏమీ జరగలేదు, మానేశాను. అరటి తొక్క రుద్దినా నష్టం లేదు, లాభమూ లేదు. వెల్లుల్లి నూరి రాత్రంతా కట్టుకోమంటారే, అది కూడా చర్మాన్ని కాలుస్తుంది.

మీవి మెత్తగా ఉన్నాయన్నారు కాబట్టి ఒకరి నుంచి ఒకరికి అంటుకునేవి కావు. గరుకుగా, గట్టిగా వేళ్ల మీదా పాదాల మీదా వచ్చేవి వేరు. అవి వైరస్ వల్ల వస్తాయి, అంటుకుంటాయి. మా అబ్బాయి చూపుడువేలికి అలాంటిదే వచ్చింది. పిల్లల్లో ఇవి చాలావరకు రెండేళ్లలోపు వాటంతటవే పోతాయి, ఆలోగా మనం ఏది రాస్తే దానికి పేరొస్తుంది! వాడికి డాక్టరుగారు సుమారు 17 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఉన్న మందు రాశారు. గోరువెచ్చని నీళ్లలో వేలు నానబెట్టి, పైపొర రుద్దేసి, చుట్టూ వాజలైన్ రాసి, మందు దానిమీదే అద్దాలి. వారాల తరబడి ఓపిక పట్టాలి. ఆ మందు ముఖానికి పనికిరాదు, మీ పులిపిర్లకూ వద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. మీవి ఈమధ్యే గుంపుగా వచ్చాయన్నారు. మెడ వెనక చర్మం కూడా నల్లగా, మందంగా మారుతోందా చూసుకోండి. అలా ఉంటే పులిపిర్ల కంటే ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు ఈ రెండూ కలిసి కనిపించడం మామూలే. నాకు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్షలో (HbA1c అంటారు) 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ అంచున ఉన్నట్టే. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించి ఊరుకుంటే నా సంగతి తెలిసేదే కాదు. మా అమ్మ కట్టిన దారం కంటే ఆ రక్తపరీక్షే నాకెక్కువ మేలు చేసింది.

మిగిలినవి చర్మవ్యాధుల డాక్టరు దగ్గర తిమ్మిరి క్రీము రాయించుకుని, కరెంటు సూదితో కాల్పించుకున్నాను. చురుక్కుమంది, అంతే. మీవాటిలో ఏదైనా రంగు మారుతున్నా, అంచులు వంకరటింకరగా పెరుగుతున్నా, తాకకుండానే రక్తం కారుతున్నా ఇంట్లో ఏమీ చేయకుండా ముందు చూపించండి. కనురెప్ప మీదిదైతే దారం కూడా వద్దు, కంటి డాక్టరు దగ్గరికే వెళ్లండి.