రాక్ పాడుతూ, దీక్షా శిబిరాలకూ వెళ్తూ గొంతునీ మనసునీ ఎలా కాపాడుకోవాలి?

మీది గాజువాక అన్నారు. బ్యాండ్‌లో పాడతానని, ఉక్కు ఉద్యమం వాళ్లు పిలిస్తే కాదనలేకపోతున్నానని, మర్నాటికి గొంతు బొంగురుపోతోందని రాశారు. నేనూ ఇక్కడ రాక్ పాడేదాన్నే. 2021 జనవరిలో విశాఖ స్టీల్ ప్లాంట్ నూటికి నూరు శాతం అమ్మేయాలని కేంద్రం నిర్ణయించాక, కూర్మన్నపాలెం శిబిరంలో చాలాసార్లు పాడాను.

అందరూ టైం సర్దుకోమంటారు. టైం ఎలాగోలా దొరుకుతుందండీ. గొంతే ఒక్కటి. షోకీ అదే, ధర్నాకీ అదే. అందుకే పాట ఉన్న రోజు నేను నినాదాలివ్వను. మొదట్లో మహా మొహమాటంగా ఉండేది. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అని అంతమంది ఎత్తుకుంటే ఊరుకోవడం ఎలా? 1966లో ఈ ప్లాంట్ కావాలని జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి మరి. ఓరోజు ముందు వరసలో కూర్చున్న ఓ పెద్దావిడే తేల్చేసింది: “ఓలమ్మా, పాట నువ్వందుకో, అరుపులు మాకొగ్గీ!”

శిబిరంలో మానిటర్, అంటే పాడేవాళ్లకి తమ గొంతు వినిపించే స్పీకర్, ఉండదు, హారన్ స్పీకర్లే. మన గొంతు మనకి వినబడకపోతే తెలీకుండానే అరిచేస్తాం. ఒక చెవి వేలితో మూసుకుని పాడండి, శ్రుతి చక్కగా తెలుస్తుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి. టెంట్ దగ్గర ఆడవాళ్లకి బాత్రూం ఉండదు. దాంతో పొద్దున్నించీ నీళ్లు తాగడం మానేస్తాం. విశాఖ ఉక్కపోతలో చెమటలు కారుతూ, ఎండిన గొంతుతో హై నోట్ అందుకుంటే స్వరపేటిక ఏం కావాలి? పిలవడానికి ఫోన్ చేసినవాళ్లని నేను మైకు గురించి కాదు, ముందు బాత్రూం ఎక్కడుందనే అడుగుతాను. కొందరు ఇబ్బంది పడతారు. పడనివ్వండి. పక్కింటివాళ్లతో మాట్లాడి ఏర్పాటు చేసినవాళ్లూ ఉన్నారు, ఆ రోజు మిగతా ఆడవాళ్లూ హాయిగా నీళ్లు తాగారు.

ఇంటికొచ్చాక సగం గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి, బుడగలొచ్చేలా ‘ఊ’ అంటూ కింది స్థాయి నుంచి పైకి, పైనుంచి కిందికి మెల్లగా జారండి. ఐదు నిమిషాలు చాలు. గొంతు పోయినప్పుడు గుసగుసలాడకండి, అదీ శ్రమే. అసలు మాట్లాడకండి. బొంగురు మూడు వారాలు దాటితే మిరియాల పాలు పక్కనపెట్టి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మనసు సంగతంటారా, తెల్లవారుజామున బండ్లని రానివ్వని వేళ బీచ్ రోడ్డు మీద ఒక్కదాన్నే నడుస్తాను. ఫోన్ ఇంట్లోనే. ఉద్యమం వాట్సాప్ గ్రూపుల్లో రాత్రిపూట జరిగే గొడవలు మ్యూట్‌లో పెట్టేశాను. పొద్దున చూసినా కొంపలేం మునగవు.

హోటల్లో సినిమా పాటలు పాడేదానివి, ఇక్కడ ఉద్యమ పాటలేంటని ఎవరో అన్నారని బాధపడ్డారు. నన్నూ అన్నారు. ఆ హోటల్ షో డబ్బులతోనే మా జామ్‌రూం (బ్యాండ్ ప్రాక్టీస్ గది) అద్దె కడతాం, యాంప్ బాగుచేయిస్తాం. శిబిరంలో పాడినందుకు పైసా తీసుకోను. ఆటో ఖర్చులు మాత్రం అడిగి పుచ్చుకుంటాను, డ్రమ్ సెట్టు సిటీ బస్సెక్కదు కదా.