చేప పొలుసులకు ఆ వెండి మెరుపు ఎలా వస్తుంది?

చర్మకణాల్లో పొరలు పొరలుగా పేర్చి ఉన్న గ్వానిన్ స్ఫటికాలు కాంతిని వెనక్కి తిప్పడం వల్లే చేప వెండిలా మెరుస్తుంది. డీఎన్ఏలో ఉండే గ్వానినే ఇది. కణం దాన్ని చిన్న చిన్న పొర సంచుల్లో చేర్చి, అక్కడే పలుచని పలకలుగా స్ఫటికీకరిస్తుంది. పలక ఎంత మందాన, ఏ ఆకారంలో పెరగాలో కణమే అదుపు చేస్తుంది, అసలు అద్భుతం అదే. గ్వానిన్ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) సుమారు 1.83, చుట్టూ ఉన్న కణద్రవానిది 1.33 దగ్గర. ఇంత తేడా ఉండటంతో ప్రతి పలక దగ్గరా కొంత కాంతి తిరిగొస్తుంది. పలకల ఎడం ఒకేలా ఉంటే ఒక రంగు బలపడుతుంది, రకరకాలుగా ఉంటే అన్ని రంగులూ కలిసి వెండిలా కనిపిస్తాయి.

అక్వేరియంలో పెంచే నియాన్ టెట్రానే చూడండి. దాని నీలి చార ఈ పలకల పనే. చీకట్లో పలకల వాలు మారి చార ఊదాకు తిరుగుతుంది. తోక వైపు ఎరుపు మాత్రం నిజంగా రంగు పదార్థమే.

మెరిసేది పొలుసేనని చాలామంది అనుకుంటారు. పొలుసు దాదాపు పారదర్శకం. చేపను తోమేటప్పుడు చేతికి అంటుకునే వెండి పూతలో ఉండేవి ఈ స్ఫటికాలే. అది పోతే పొలుసు మెరవదు.