పర్మిట్ రాకముందు విమానం ఎక్కకు, అల్లుడా

అల్లుడికి,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. దుబాయిలో టైల్స్ మేస్త్రీ పనికి ఇంటర్వ్యూలో పాసయ్యావట, కంపెనీ వాళ్లు అక్కడ పని చేయడానికి పర్మిట్ తీస్తున్నారట. చాలా సంతోషమైంది. నీ చేతి పని నాకు తెలుసు. కోరుట్లలో మీ పెద్దనాన్న ఇంటికి నువ్వు వేసిన హాలు నేల మీద గోలీ పెట్టి చూశాను, కదల్లేదు. అంత మట్టంగా వేసే చేయికి ఎక్కడైనా అన్నం దొరుకుతుంది.

ఆ తర్వాత మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. పర్మిట్ లేటవుతోందని, మన మండలంలోని ఏజెంట్ ఒకడు "విజిట్ వీసా మీద పో, అక్కడ దిగాక కంపెనీ వీసా కొట్టిస్తా" అంటున్నాడని, నువ్వు కూడా అటే మొగ్గుతున్నావని. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఫోన్‌లో చెబితే నేను అరుస్తాను, నువ్వు "సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. నిదానంగా చదువు. మీ బాపుకి కూడా చదివి వినిపించు.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. పాస్‌పోర్టుకు ఇంకా ఎంత గడువుందో చూసుకో. ఆధార్‌లో, పాస్‌పోర్టులో పేరు ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా ఉండాలి. ప్రతి కాగితానికి రెండు జిరాక్సులు తీసి, ఒకటి మీ అమ్మ దగ్గర పెట్టు. అసలు పాస్‌పోర్టును రశీదు లేకుండా ఎవరి చేతిలోనూ పెట్టకు.

నువ్వు పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి నీ పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే గల్ఫ్ పనికి పోయే ముందు మన ప్రభుత్వం అనుమతి (క్లియరెన్స్) తీసుకోవాల్సిన రకం. ఆ ఒక్క లెక్కల పరీక్ష మళ్లీ రాయమని ఎంత మొత్తుకున్నాను! రాసి ఉంటే ఈ క్లియరెన్స్ గొడవే ఉండేది కాదు. సరే, అయిపోయిందానికి ఇప్పుడు తిట్టి లాభం లేదు. ఈసీఆర్ వాళ్లు గల్ఫ్‌కు పనికి పోవాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద క్లియరెన్స్ తీసుకోవాలి. ఇప్పుడది మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో జరుగుతుంది. లైసెన్స్ ఉన్న ఏజెంట్ల పేర్లు కూడా అందులోనే ఉంటాయి. నీతో మాట్లాడుతున్నవాడి పేరు అందులో ఉందో లేదో ఈ రోజే చూడు. లేకపోతే వాడు సబ్ ఏజెంట్, వాడికి ఒక్క రూపాయి తీసుకునే హక్కు కూడా లేదు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ అయినా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంతకు మించి అడగకూడదు. అక్కడి కార్మిక చట్టం ప్రకారం నియామకం ఖర్చు కంపెనీదే, నీ దగ్గర వసూలు చేయకూడదు. లక్షన్నర ఇస్తే పర్మిట్ తొందరగా వస్తుందని ఎవడైనా అంటే, అక్కడి నుంచి లేచి వచ్చెయ్.

ఇప్పుడు నీ చిన్నమామ సంగతి చెప్తాను.

వాడు కుంటుతూ నడవడం నువ్వు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు. బండి మీద నుంచి పడ్డాడని మేం పిల్లలకు చెబుతూ వచ్చాం. అది నిజం కాదు. ఇది రాసే ముందు వాడిని అడిగాను. "రాయి అన్నా, పిల్లగానికి తెలియాలె" అన్నాడు.

2005 నాటి మాట. అప్పుడు నేను దుబాయిలో సోనాపూర్ కూలీల క్యాంపులో ఉంటూ తాపీ పని చేస్తున్నాను. దుబాయిలో ఎటు చూసినా క్రేన్లే. నీ చిన్నమామకు కూడా ఒక కంపెనీలో పని ఖాయమైంది, నీలాగే. నెలలో పర్మిట్ వస్తుందన్నారు. వాడు నూటికి మూడు రూపాయల వడ్డీకి 60,000 తెచ్చి ఏజెంట్ చేతిలో పోశాడు. చేస్తున్న పని మానేశాడు. ఊరంతా పిలిచి దావత్ కూడా ఇచ్చాడు. నెల పోయింది, రెండో నెల పోయింది, మూడోది కూడా పోయింది. పర్మిట్ జాడ లేదు. వడ్డీ మాత్రం నెలకు 1,800 చొప్పున పెరుగుతూనే ఉంది. బయటికి పోతే చాలు, చాయ్ హోటల్ దగ్గర, బస్టాండ్ దగ్గర "ఇంకా పోలేదా?" అని అడిగేవాళ్లు. వాళ్లేం చెడ్డవాళ్లు కాదు, ఊరికే అడుగుతారు. కానీ రోజూ జవాబు చెప్పేవాడికి అది ఎంత నరకమో! చివరికి వాడు పగలు ఇల్లు కదలడమే మానేశాడని మా అవ్వ, అంటే మీ అమ్మమ్మ, తర్వాత చెప్పింది.

అలాంటి సమయంలో ఒక సబ్ ఏజెంట్ వచ్చి విజిట్ వీసా చేతిలో పెట్టాడు. నీ చిన్నమామ నాకు మాట మాత్రం కూడా చెప్పలేదు. చెబితే వద్దంటానని తెలుసు. బేగంపేటలో విమానం ఎక్కి, దుబాయిలోని దేరాలో దిగాక ఫోన్ చేశాడు. "అన్నా, నేను దుబాయిలోనే ఉన్న" అన్నాడు. వాడి గొంతులో ఎంత సంతోషమో, ఇప్పటికీ చెవిలో ఉంది.

రెండో రోజే ఒక చిన్న కాంట్రాక్టర్ దగ్గర పనిలో చేరాడు. కాగితం లేదు, ఒప్పందం లేదు. వీసా మారుస్తానని చెప్పి ఆ కాంట్రాక్టర్ పాస్‌పోర్టు తీసుకున్నాడు. నీ చిన్నమామ పోయిన మూడు వారాలకు అసలు కంపెనీ పర్మిట్ ఇంటికి వచ్చింది. అవ్వ దాన్ని పట్టుకుని ఎవరికి చూపించాలో తెలియక పక్కింటి టీచర్ దగ్గరికి పరిగెత్తిందట. ఆ పర్మిట్ మీద చేరాలంటే దేశం బయటికి పోయి మళ్లీ రావాలి. ఆ రోజుల్లో అందుకోసం ఇరాన్‌కు చెందిన కిష్ దీవికి పోయి అక్కడ కాచుకునేవాళ్లు. కిష్‌కు పోవడానికి వాడి దగ్గర పైసలు లేవు. నేను పంపిద్దామనుకుంటే కాంట్రాక్టర్ పాస్‌పోర్టు ఇవ్వలేదు. "రేపు, మాపు" అంటూ తిప్పాడు. ఈలోగా విజిట్ గడువు అయిపోయింది. అప్పట్లో గడువు దాటితే రోజుకు 100 దిర్హాముల జరిమానా. నా జీతం నెలకు 600. అంటే ఆరు రోజుల జరిమానా కట్టాలంటే నా నెల జీతమంతా పోవాలి. ఇక వాడు తిరిగి పోవాలన్నా పోలేడు. ఖల్లివల్లి అయిపోయాడు, అంటే కాగితాలు లేకుండా దొంగచాటుగా ఉండేవాడు.

తర్వాత ఒక రోజు పరంజా మీద నుంచి పడ్డాడు. కాలు విరిగింది. ఆసుపత్రికి తీసుకుపోతే కాగితాలు అడుగుతారని కాంట్రాక్టర్ వాడిని రూములో దించి వెళ్లిపోయాడు. మళ్లీ ఫోన్ ఎత్తలేదు. మేం నలుగురం కలిసి పైసలు జమచేసి, తెలిసిన కాంపౌండర్‌తో కట్టు కట్టించాం. ఎముక సరిగా అతకలేదు. పర్మిట్ మీద, క్లియరెన్స్ తీసుకుని పోయి ఉంటే వాడికి ప్రవాసీ భారతీయ బీమా ఉండేది. ఆ బీమా 2003 నుంచే ఉంది. విజిట్ మీద పోయినవాడికి అదీ లేదు, కంపెనీ పరిహారం అంతకన్నా లేదు. ఎందుకంటే కాగితాల్లో వాడు అసలు పనివాడే కాదు, చూడటానికి వచ్చిన టూరిస్టు.

ఆ మరుసటి ఏడు మీ అమ్మమ్మ పోయింది. నేను సెలవు పెట్టి వచ్చాను. వాడు రాలేకపోయాడు. చిన్న కొడుకు ఏడని చివరి రోజుల్లో అడిగిందని మీ అమ్మ చెప్పింది. ఆ మాట నేను వాడికి చాలా ఏళ్ల దాకా చెప్పలేదు. 2007లో అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ పెట్టింది. జరిమానా లేకుండా పోవచ్చన్నారు. కాన్సులేట్‌లో ఔట్‌పాస్ అనే తిరుగు ప్రయాణపు కాగితం తీసుకుని, చేతిసంచితో వచ్చాడు. అప్పు తీర్చడానికి అర ఎకరం అమ్మాం.

విజిట్ మీద పోయి, వీసా మార్చుకుని బాగుపడ్డవాళ్లు లేరని నేననను. ఉన్నారు. నీకు వాళ్ల పేర్లే చెబుతారు. నీ చిన్నమామ పేరు ఏ ఏజెంటూ చెప్పడు. విజిట్ మీద దేశం చూడటానికి పోవడం తప్పు కాదు, దాని మీద పని చేయడం నేరం. పైగా ఇప్పుడు అక్కడ ఇంకా గట్టిగా ఉన్నారు. 2024లో మార్చిన చట్టం ప్రకారం పర్మిట్ లేనివాడిని పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష దిర్హాముల నుంచి పది లక్షల దాకా జరిమానా. తనిఖీ వస్తోందని తెలిస్తే అలాంటి యజమాని నిన్ను కాపాడతాడా, గోడ దూకమంటాడా? నువ్వే ఆలోచించు. అసలు అక్కడి దాకా కూడా పోనక్కర్లేదు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో విజిట్ మీద పోయేవాడిని శంషాబాద్‌లోనే ఆపి ప్రశ్నలు వేస్తారు. ఏజెంట్ ఇచ్చిన దొంగ హోటల్ బుకింగ్ చూపిస్తూ నువ్వు అక్కడ నిలబడటం నాకు ఇష్టం లేదు.

కాబట్టి కాచుకోవాలి. కాచుకోవడం కూడా తెలిసి చేయాలి, బిడ్డా. నీ చిన్నమామను ఊరి మాట, వడ్డీ తొందరపెట్టాయి. ఆ రెండూ నీ దగ్గరికి రాకుండా చూసుకో. ఎంట్రీ పర్మిట్ కళ్లతో చూసి, నిజమైనదని తేల్చుకునేదాకా అప్పు తేవద్దు. భూమి కాగితాలు బీరువాలోనే ఉండనీ. ఇప్పుడున్న మేస్త్రీ దగ్గర పని మానకు, పోయే వారం ముందు చెబితే చాలు. దావత్ టికెట్ వచ్చాక చేద్దాం, మేక ఖర్చు నాది. ఎవరైనా అడిగితే "ఇంకా ఏం తేలలేదు" అను, అంతే. కంపెనీ వాళ్లను వారానికోసారి మర్యాదగా అడుగు. రోజూ ఫోన్ చేస్తే పని ముందుకు సాగదు, నీ మనసే పాడవుతుంది. పర్మిట్ ఒక్కోసారి అక్కడి మంత్రిత్వ శాఖలో, ఒక్కోసారి కంపెనీ తెచ్చుకోదగ్గ మనుషుల లెక్క (కోటా) దగ్గర ఆగుతుంది. అందులో నీ తప్పేం లేదు.

ఈలోగా జగిత్యాల పోయి ఛాతీ ఎక్స్‌రే తీయించుకో. దీన్ని వాయిదా వేయకు. గ్రానైట్ కోసేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోవని నాకు తెలుసు, పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నీ దగ్గు విన్నాను. దుబాయిలో దిగాక మెడికల్ చేస్తారు. రక్తంలో హెచ్‌ఐవీ, ఊపిరితిత్తుల్లో టీబీ చూస్తారు. తేడా వస్తే తిప్పి పంపిస్తారు. ఏదైనా ఉంటే ఇక్కడే తెలిస్తే ఇక్కడే మందు వాడొచ్చు. పోవడం సంగతి తర్వాత, ముందు నీ ఊపిరి బాగుండాలి.

ముందు ఆఫర్ లెటర్ వస్తుంది. హిందీలో కూడా ఇస్తారు, అడిగి తీసుకో. జీతం, పని పేరు, డ్యూటీ గంటలు, రూము, భోజనం ఎవరివో చూసుకోకుండా సంతకం పెట్టకు. టైల్స్ మేస్త్రీ అని ఉండాలి, లేబర్ అని ఉంటే ఆపెయ్. ఎంట్రీ పర్మిట్ వచ్చాక దాని నంబరును దుబాయి ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడు, ఉద్యోగం కోసమని ఉందా, అదే కంపెనీ పేరు ఉందా అని. పర్మిట్ ఇచ్చిన రోజు నుంచి 60 రోజుల్లో దేశంలో అడుగు పెట్టాలి. అప్పుడు మాత్రం ఆలస్యం చేయకూడదు. వెంటనే ఈ-మైగ్రేట్ క్లియరెన్స్, బీమా. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో ప్రాణానికేమైనా అయితే ఇంటికి పది లక్షలు వస్తాయి. ఈ మాట రాయడానికి నా చేయి రావడం లేదు, అయినా రాస్తున్నాను. బీమా కాగితం మీ అమ్మకు ఇచ్చి, దేనికో చెప్పి పో. పోయే ముందు ప్రభుత్వం ఒక రోజు శిక్షణ ఉచితంగా ఇస్తుంది, దానికి కూర్చో. అక్కడ దిగాక పాస్‌పోర్టు నీ దగ్గరే ఉండాలి, కంపెనీ దాచుకోకూడదని అక్కడి చట్టమే చెబుతోంది.

ఆఫర్ లెటర్ వచ్చిన గంటలో వాట్సాప్‌లో నాకు ఫోటో పంపు. అరబ్బీ నాకు చదవడం రాదు గానీ, ఏ గడిలో ఏముండాలో కళ్లు మూసుకుని చెప్పగలను.

మీ అత్త ఎప్పటి నుంచో బాత్రూమ్ టైల్స్ మార్పించమంటోంది. పర్మిట్ వచ్చేలోపు ఇక్కడికి రా, ఆ పని నువ్వే చెయ్. బయటివాడికి ఇచ్చే కూలే నీకూ ఇస్తాను, మేనమామ దగ్గరని మొహమాటపడకు. సాయంత్రం నీ చిన్నమామ బర్ల దగ్గర ఉంటాడు. నువ్వు అడిగితే మిగతాది వాడే చెబుతానన్నాడు.

మీ మామ